చెయ్యి చాపిన చలికాలం

ఆ రోజుల్లో మాకు ఆస్తి తప్ప అన్నీ ఉండేవి. మైలవరం వైపు పొలాలు తాతగారి హయాంలోనే చేజారిపోయాయి. ఆటోనగర్ వెనకవీధిలోని రెండు గదుల అద్దె వాటాలోకి మేం తెచ్చుకున్నది నిటారైన వెన్నెముకలూ, ముత్తాతగారు వేటకు వెళ్ళేటప్పుడు డేగను కూర్చోబెట్టుకున్న తోలు చేతితొడుగూ మాత్రమే. (దానికి చిల్లులున్నాయి. నాయనమ్మ అవి డేగ గోళ్ళ గుర్తులనేది. నా అనుమానం ఎలుకల మీద.)

నేను స్పేర్ పార్ట్స్ కొట్లో చేరిన ఏడాది, చలికాలం మొదట్లో మా పెరటి మునగచెట్టు మీద ఒక డేగ వాలింది. నాయనమ్మ కళ్ళజోడు సవరించుకుని, "మనల్ని వెతుక్కుంటూ వచ్చిందిరా! నీ చేతి మీద వాలిందంటే మన వంశం ఇంకా బతికున్నట్టే" అంది. కొట్లో ఓనరు నన్ను "ఏయ్ బేరింగూ" అని పిలుస్తున్న రోజులవి. నేనెవరినో ఒక్క పక్షికైనా తెలిస్తే చాలనిపించింది.

రోజూ పొద్దున్నే మంచులో, శాలువా కప్పుకుని, ఎడమచేతి తొడుగు మీద మాంసం ముక్క పెట్టుకుని, చెయ్యి చాపి నిలబడేవాణ్ణి. పక్కవాటాలో కోళ్ళు పెంచే పిన్నిగారు (మాకు ఆవిడ కోళ్ళ పిన్ని) గోడ మీంచి చూసి, "ఏంటి రాజావారూ, బస్సు కోసమా? స్టాపు అవతల రోడ్డులో అండీ!" అనేది. గోడల మీంచి మాట్లాడే అలవాటు మా ఇంట్లో లేదు.

ఒక ఉదయం గోరింకల గోల ఠక్కున ఆగిపోయింది. డేగ చెట్టు మీంచి సూటిగా నా వైపే వస్తోంది! "చెయ్యి దించకు!" అని గుమ్మంలోంచి నాయనమ్మ అరిచింది. అప్పుడు కనిపించింది, దాని ముందు ప్రాణాలు అరచేత పట్టుకుని ఎగురుతున్న గోరింక. అది వచ్చి నా శాలువా మడతల్లో దూరింది. డేగ నా ముఖానికి బెత్తెడు దూరంలో తోక విప్పి గాలిలో నిలిచింది. ఛాతీ మీద సన్నని చారలు, పసుపుపచ్చని కళ్ళు. ఆ కళ్ళల్లో మా వంశమూ లేదు, నేనూ లేను. ఆకలి తప్ప మరేమీ లేదు. అంత స్వచ్ఛమైన చూపు మళ్ళీ ఎక్కడా చూడలేదు. నా గుండెల మీద గోరింక గుండె దడదడలాడుతోంది. మావాళ్ళెవరూ ఎన్నడూ వెన్ను చూపలేదట. నేనూ చూపలేదు, కాళ్ళు కదల్లేదంతే.

డేగ ఒక్క రెక్కవిసురుతో ఇంటికప్పు దాటిపోయింది. మళ్ళీ రాలేదు.

"డేగను రమ్మంటే గోరింకొచ్చిందేంటి రాజావారూ!" అంది కోళ్ళ పిన్ని. నాయనమ్మ మాత్రం శాలువాలో ముడుచుకున్న పిట్టను చూసి, "పోన్లేరా, ఇదైనా మనల్ని నమ్మింది" అంది.

ఇప్పటికీ చలికాలం పొద్దుటిపూట బెంజ్ సర్కిల్ మేడల మధ్య డేగ కనిపిస్తే నా ఎడమచెయ్యి దానంతటదే లేస్తుంది. వెంటనే ఓ ఆటో వచ్చి ఆగుతుంది. "ఎక్కడికండీ?" అంటాడు డ్రైవరు. పిలిచి పొమ్మనడం మా ఇంటావంటా లేదు కదా! వెన్ను నిటారుగా పెట్టుకుని ఎక్కి కూర్చుంటాను.