శ్రీ లేని నవల

ఎవరైనా "అంతా దేవుడి దయ" అంటే మా చిన్నమ్మ చేయి చాచి లాంతరు వత్తి కాస్త పెంచేది.

ఆమె మొదటి బిడ్డకు తట్టు పోసినప్పుడు, ఇంటికి పోచమ్మ తల్లి వచ్చిందని, మందులు వద్దని పెద్దలు దవాఖానకు పోనివ్వలేదు. బిడ్డ దక్కలేదు. ఆ తర్వాతే చిన్నమ్మ నవల రాసింది. అందులో గ్యాసుదీపాల పట్నం ఒకటి. వెలుగునిచ్చే దేవుళ్లు బదులుగా పిల్లల్ని అడుగుతారు. తల్లులు తామే దీపాలన్నీ ఆర్పేసి, చీకట్లో తలుపులకు అడ్డంగా కూర్చుంటారు.

మెడలో గొలుసు అమ్మి, జనగామలో తనే అచ్చు వేయించింది. తోడుగా నేనూ వెళ్లాను. మొదటి పేజీ పైన "శ్రీ" లేనిదే మిషను తిప్పనన్నాడు ప్రెస్సాయన.

"జర ఆలోచించక్కా, గింత అక్షరమే గద!"

"ఆఖరికి ఓడిపోయె దేవుళ్లకు ముందుగాల దండమెందుకన్నా?"

ఆయన పగలబడి నవ్వాడు. నవల శ్రీ లేకుండానే వచ్చింది.

చిన్నమ్మ ఇప్పుడు లేదు. ఈ ఉదయం మా పాపకు తట్టు పోసింది. అత్తమ్మ గుమ్మానికి వేపమండలు కట్టి, "దవాఖానకు పోతే తల్లికి కోపమొస్తది" అంది.

"రానియ్యి అత్తమ్మా. నాతోని మాట్లాడుమను" అని పాపను ఎత్తుకొని స్టేషన్ ఘన్‌పూర్ బస్సెక్కాను. వెనకే అత్తమ్మ కూడా ఎక్కింది, చేతిలో వేపమండతో.

దవాఖానలో సూదిమందు వేశారు. జ్వరం ఇంకా దిగలేదు, నా భయమూ దిగలేదు. రాత్రి ఇంట్లో, పాప పక్కన కూర్చుని, చిన్నమ్మలాగే లాంతరు వత్తి పెంచాను.