పానా మీద మా గెంతులు

మా చిన్నప్పుడు... బాబాయి తన అంబాసిడర్ కారుకి చక్రం మార్చాడంటే పిల్లలందరికీ సరదాయే. నట్లు బిగించే పానా మీదకెక్కి మమ్మల్ని గెంతమనేవాడు. "ఇంకా గట్టిగా గెంతవే, దార్లో ఊడిపోకూడదు" అని నన్ను మరీ ఎగదోసేవాడు. ఎంత బిగిస్తే అంత మంచిదని మా ఇంటిల్లిపాదికీ నమ్మకం.

ఆ ఏడాది మా మేనత్తకి బందరులో నర్సు ట్రైనింగుకి ఇంటర్వ్యూ వచ్చింది. పొద్దున్న పదింటికి. మా ఇంట్లో అంతదాకా వచ్చిన ఆడపిల్ల తనే మొదలు. గంజి పెట్టిన చీర నలక్కుండా వెనక సీట్లో నిటారుగా కూర్చుంది... పక్కన నేను.

బంటుమిల్లి దాటామో లేదో టైరు పంచరు. స్టెప్నీ ఉంది, జాకీ ఉంది... నట్లే రాలేదు. ముందురోజే ఆ చక్రం బిగించేటప్పుడు పిల్లలం ముగ్గురం వంతులేసుకుని గెంతాం మరి. బాబాయి చెమటలు కక్కుతూ పానాని తొక్కాడు. ఒక్కటీ కదల్లేదు. అత్త వాచీ చూసుకుంటూనే ఉంది.

చాలాసేపటికి ఓ లారీ ఆగింది. దాని డ్రైవరు పెద్దాయన. పానాకి పొడుగాటి గొట్టం తొడిగి నట్లు విప్పాడు.

"ఎవరండీ ఇలా బిగించింది? మళ్ళీ విప్పుకోవద్దా?"

బాబాయి స్టెప్నీ తెచ్చిచ్చాడు. డ్రైవరే దాన్ని పెట్టి నట్లన్నీ ముందు చేత్తోనే తిప్పాడు... తర్వాత పానాతో, ఒకటి వదిలి ఒకటి. జాకీ దించాక అదే వరసలో ఇంకోసారి. "కాలు పెట్టకండి బాబూ, చెయ్యి చాలు" అని చెప్పి వెళ్ళిపోయాడు.

మేం చేరేసరికి ఇంటర్వ్యూలు అయిపోయాయి. అత్త ఎంత బతిమాలినా గేటు దగ్గరే ఆపేశారు.

ఇంటికొచ్చాక మామ్మ అడిగితే, "ఇంటర్వ్యూలో సరిగ్గా చెప్పలేకపోయానమ్మా" అంది అత్త. నట్ల మాటే ఎత్తలేదు. మామ్మ వారం రోజులు దెప్పింది... బాబాయిని గానీ నన్ను గానీ ఎవరూ ఏమీ అనలేదు. ఆ పిలుపు మళ్ళీ రాలేదు. అత్త మిషను కుట్టుకుంటూ ఊళ్ళోనే ఉండిపోయింది.

మొన్న గుడివాడలో టైర్ల షాపుకి వెళ్ళాను. బిగింపు సరిపోగానే ఆ కొత్తరకం పానాయే టక్‌మంది, మెకానిక్కు అక్కడితో ఆపేశాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఇప్పుడు పానాలు కూడా ఇంక చాలని చెప్తున్నాయి... మన తప్పు తమ నెత్తిన వేసుకుని ఊరుకునే మనుషులే తగ్గిపోయారు. మీ ఇంట్లో అలాంటివాళ్ళుంటే వాళ్ళ గురించి రాయండి, చదువుతాను.

మా అత్తకి తప్పయిందని నేనింతవరకూ చెప్పలేదు.