కూర్మమ్మ చెప్పని మాట

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. కూర్మమ్మ నోరు ఏనాడూ మంచిది కాదు. సముద్రం ఒడ్డు పల్లె నుంచి చేపల గంప నెత్తిన పెట్టుకొచ్చి ముప్పై ఏళ్ళు నెల్లిమర్ల వీధుల్లో అమ్మింది. బేరమాడినవాళ్ళను తిట్టింది. బేరమాడకుండా మొప్పలెత్తి చూసి పోయినవాళ్ళను ఇంకా ఎక్కువ తిట్టింది. మోకాళ్ళు అరిగాక గంప దించి, విజయనగరం రోడ్డులో ఒక ఫంక్షన్ హాల్లో ఊడ్చే పనికి చేరింది. అక్కడ ఆమె గొంతుకు జడవనిది ఒక్కటే, యజమాని పృథ్వీరాజ్ కొన్న పెద్ద చిలక.

అది మన రామచిలకలాంటిది కాదు. తోకతో కలిపి రెండు మూరల పొడుగు. వీపు నీలం, రొమ్ము పసుపు, బుగ్గల మీద ఈకల్లేని తెల్లటి చర్మం, అడకత్తెరలాంటి ముక్కు. మకావ్ అంటారట. పృథ్వీరాజ్ లక్షలు పోసి దాన్ని తెచ్చింది ముద్దొచ్చి కాదు. పెళ్ళికూతురు భుజం మీద కూర్చోబెట్టి ఫోటో తీయిస్తే పక్క హాలుకు పోయే పార్టీలు తన హాలుకు వస్తాయని. పేరు ప్రిన్స్ అన్నాడు. కూర్మమ్మ మాత్రం తమ పల్లెలో మగపిల్లల్ని పిలిచినట్టు గుంటడా అనేది.

దాన్ని చూసుకోవడానికి పెట్టిన ఇద్దరు మనుషులు వారం తిరక్కుండా వేళ్ళకు కట్లతో పోయారు. మూడోవాడు దొరక్క ఆ పని కూర్మమ్మ నెత్తిన పడింది.

"నాను సేపలు కోసుకున్నదాన్ని. పిట్టల్ని సాకడం నాకేటి తెలుసు?" అని ఆమె మొత్తుకుంటే విన్నవాడు లేడు.

మొదటి వారమే బొటనవేలు చీలింది. ఆమె తిట్టింది, అది తిరిగి అరిచింది. అలా తిట్టుకుంటూనే ఒక్కొక్కటీ నేర్చుకుంది. పొద్దున నానిన శెనగలు, మధ్యాహ్నం జాంపండు, కొబ్బరిముక్క. ఉప్పు తగలకూడదు. నమలడానికి వేపకొమ్మ పడెయ్యాలి, లేకపోతే కూర్చున్న కర్రనే పిప్పి చేస్తుంది. అన్నిటికంటే ముఖ్యం దాని కన్ను. కరవబోయే ముందు కంటిపాప ఆవగింజంత అవుతుంది, మళ్ళీ విచ్చుకుంటుంది, మళ్ళీ ఆవగింజంత. బుగ్గలు ఎర్రబడతాయి. అప్పుడు చెయ్యి వెనక్కి తీసుకోవాలి. ఈ మర్మం పట్టింది కూర్మమ్మ ఒక్కతే. స్టేజి పక్కన నిలబడి "కన్నాడతన్నాది, ఎనక్కి రండి!" అని ఆమె అరిస్తే, ఫోటోలు తీసే గోవింద్‌తో సహా అందరూ జరిగేవారు. ఏడాదిన్నరలో ఒక్క పెళ్ళికూతురికీ గీత పడలేదు. ఆ పేరంతా పృథ్వీరాజ్ తన ఖాతాలో వేసుకున్నాడు. "నా చేత్తో పెంచానండీ, పసిపిల్లతో సమానం" అని వచ్చిన ప్రతి పార్టీకీ చెప్పేవాడు.

ఆ తర్వాత హాల్లోకి పెద్ద డీజే వచ్చింది. అప్పట్నుంచి చిలక తన ఈకలు తనే పీక్కోసాగింది. చూస్తుండగానే రొమ్ము మీద అరచెయ్యంత మేర బోడిదైంది. కూర్మమ్మ పంజరానికి దుప్పటి కప్పి ఆటోలో విజయనగరం పశువుల డాక్టరమ్మ శైలజ దగ్గరికి తీసుకుపోయింది.

"ఇది రోగం కాదమ్మా, బెదురు. ఆ మోతలోంచి, జనంలోంచి తప్పించకపోతే పుళ్ళుపడి చచ్చిపోతుంది" అంది ఆవిడ.

కూర్మమ్మ తిన్నగా యజమాని గదికి వెళ్ళింది.

"బాబూ, దీన్ని ఇంక స్టేజెక్కించకు. సచ్చిపోతాదట."

"బుకింగులు తీసేసుకున్నాను. ఆ బోడి కనపడకుండా పూలదండ ఏసేయ్."

"నీ రొమ్ము తోలు ఒలిసి దండేస్తే ఊరుకుంతావేటి?"

"పనిమనిషివి, పనిమనిషిలా ఉండు. ఎల్లెల్లు."

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. కూర్మమ్మ జీవితంలో చాలామందిని తిట్టింది గానీ ఇంతగా ఎవరినీ అసహ్యించుకోలేదు. తిడితే తీరే కోపం కాదది.

ఆదివారం మధ్యాహ్నం ఎవరో ధనవంతుల పిల్లకు ఓణీల ఫంక్షన్. బంతిపూల దండ కట్టిన చిలకను చూసి పిల్ల తల్లి జంకింది. "కరుస్తుందేమోనండీ" అంది.

"అబ్బే, చూడండి" అని పృథ్వీరాజ్ దాన్ని తన భుజం మీదికి ఎక్కించుకున్నాడు. చెంప తెచ్చి దాని ముక్కుకు ఆనించాడు. సరిగ్గా అప్పుడే డీజే మొదలైంది.

కూర్మమ్మ మూడు గజాల దూరంలో ఉంది. కంటిపాప ఆవగింజంత కావడం చూసింది. విచ్చుకోవడం చూసింది. బుగ్గలు ఎర్రబడటం చూసింది. పిల్ల దూరంగా ఉంది, వాడు దగ్గరగా ఉన్నాడు. గోవింద్ కెమెరా దించి, ఆమె అరుస్తుందేమోనని ఇటు చూశాడు. కూర్మమ్మ నోరు మూసుకుంది.

చెవి తమ్మె రెండుగా చీలింది. తెల్ల చొక్కా ఎర్రనైంది. కుట్లు వేయించుకొని వచ్చి పృథ్వీరాజ్ పెరట్లో ఆమెను నిలదీశాడు.

"నీకు ముందే తెలుస్తాది కదే? ఎందుకు అరవలేదు?"

"తెలుసు. సెప్పనేదు."

"ఏం?"

"అది సత్తాదని సెప్పేను. ఇన్నావా? ఇంకోటి సెప్తే ఇంతావేటి?"

ఆ పూటే పనిలోంచి గెంటేశాడు. చిలక మూడు రోజులు మెతుకు ముట్టలేదు. గిన్నె పెట్టబోయినవాడి మీదికల్లా ఎగిరింది. అమ్మేద్దామంటే ఆ బోడి రొమ్ము చూసి ఎవరూ కొనలేదు. చస్తే, విదేశీ పిట్టను ఉంచుకున్నందుకు తన పేరున రాయించుకున్న కాగితాలకు అధికారుల ముందు జవాబు చెప్పుకోవాలి. నాలుగో రోజు పృథ్వీరాజ్ చెవికి కట్టుతో కూర్మమ్మ గుమ్మంలోకి వచ్చి, మళ్ళీ పనిలోకి రమ్మన్నాడు.

ఆమె కూర్చోమనలేదు. "స్టేజి నేదు. హాలెనక నీ జీడితోటలో, మోత ఇనపడని కాడ, పెద్ద జాలీ గది కట్టించు."

"సరే."

"ఇంకోటి. రోజూ పొద్దున్న నువ్వే ఒచ్చి నీ సేత్తో దానికి తిండెట్టాలి."

"నాకు దాని మొహం చూస్తేనే ఒళ్ళు మండుతోంది!"

"నాకు నీ మొహం సూస్తే మండదేటి? అది అరవై ఏళ్ళు బతుకుతాదని డాక్టరమ్మ సెప్పింది. దానికిప్పుడు ఐదు. అరవై నాకే దాటిపోనాయి. నాను పోతే అది నీ పాలే పడతాది."

పృథ్వీరాజ్ చెవి కట్టు తడుముకున్నాడు. చివరికి తలూపాడు.

అలా ఒకరంటే ఒకరికి గిట్టనివాళ్ళిద్దరూ రోజూ ఉదయం ఎనిమిదింటికి జీడితోటలో కలుసుకోసాగారు. పలకరింపు లేదు. "ఎడంసెయ్యి కాదు." "కిందనుంచి ఎట్టు." "ఏటా తొందర?" అంతే. రెండు నెలలు అతని చొక్కా చేతులు చిరుగుతూనే ఉన్నాయి. చిలక రొమ్ము మీద మాత్రం పసుపు నూగు వచ్చింది.

ఒకరోజు అది అతని వేళ్ళ మధ్య నుంచి పల్లీకాయ నెమ్మదిగా, చర్మానికి తగలకుండా అందుకుంది. కూర్మమ్మ పిలిచినా అటు తిరగలేదు. తిన్నాక ఒక కాలు అతని మణికట్టు మీద పెట్టింది. పృథ్వీరాజ్ నవ్వబోయి, ఆమెను చూసి మానుకున్నాడు.

కూర్మమ్మ పిలవడం మానేసింది. తను కోరిందే జరిగింది. అయినా ఆ క్షణంలో వాడి రెండో చెవి కూడా తెగిపోతే బాగుండుననిపించింది.

"రేపు రెండు కాయలు పట్రా" అని చెప్పి చీపురు అందుకుంది.