తాళం తిప్పే చెయ్యి

మదనపల్లెలో నేను గుమాస్తాగా ఉన్న బ్యాంకు ఇనప్పెట్టెకు రెండు తాళంచెవులు. ఒకటి బ్యాంకుకు పెద్ద అయిన ఏజెంటు దగ్గర, ఒకటి క్యాషియరు దగ్గర. ఇద్దరూ పక్కపక్కన నిలబడి తిప్పితేనే తలుపు కదిలేది. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్న క్యాషియరు ఏజెంటు అనుమతి లేనిదే ఊరు దాటకూడదు. పుంగనూరులో సొంత ఇల్లుండి కూడా తండ్రి తద్దినానికి పోలేకపోయాడు.

యుద్ధం రోజులవి. ఎక్కడో ఒక బ్యాంకు మూతపడిందట అని సంతలో మాట పుడితే చాలు, తెల్లారేసరికి తమ డబ్బు వెనక్కిమ్మని మా వాకిట్లో జనం. కిటికీ కమ్మీల్లోంచి చేతులు లోపలికి వచ్చేవి. ఆ చేతుల ముందు రోజంతా కూర్చునేవాడు క్యాషియరు.

ఒక మధ్యాహ్నం ఇద్దరం వెనక వరండాలో పెరుగన్నం తింటున్నాం. అతని కుడిచెయ్యి నోటిదాకా వచ్చి ఆగింది. మణికట్టు కుడికి తిరిగింది. మళ్లీ ఎడమకు. ముద్ద నేల రాలింది. చెయ్యి మాత్రం గాల్లో తాళం తిప్పుతూనే ఉంది. అది ఇంకెవరి చెయ్యో అన్నట్టు అతను దాన్నే చూస్తున్నాడు.

"ఏమప్పా ఇది?"

"నేను తిప్పలేదప్పా. అదే తిప్పుతాండాది. నిద్రలో గూడా తిప్పుతాదంట, మా ఇంటామె సూసి ఏడస్తాండాది. ఏజెంటుకు మటుకు సెప్పొద్దు. సెయ్యి సెడినోన్ని ఎవురు పెట్టుకుంటారు? బిడ్డలు గలోన్ని."

నేను చెప్పలేదు గానీ బ్యాంకు జవాను చూసి ఏజెంటు చెవిన వేశాడు. అంతకుముందున్న క్యాషియరు కుప్పానికి బదిలీ అయి, అక్కడి స్టేషన్లో రైలు దిగుతూనే కూలి చనిపోయాడు.

"ఆయప్పే తిరిగొచ్చిండాడు సామీ, తాళంచెవి కోసరం," అన్నాడు జవాను.

ఏజెంటు బి.ఏ. చదివినవాడు. మరునాడు ఇనప్పెట్టె ముందు గుమ్మడికాయ పగలగొట్టించాడు. కుంకుమ నీళ్లు నా బల్ల కిందిదాకా పారాయి.

నాకు ఒళ్లు మండింది. మనిషిని గొలుసు లేకుండా కట్టేస్తారు, నిద్ర లాక్కుంటారు, పగలంతా భయాన్ని ఎదురుగా కూర్చోబెడతారు, చివరికి నేరం చచ్చినవాడి మీద మోపుతారు! దెయ్యం లేదు, ఉన్నది చాకిరీ. ఈ మాటే ఏజెంటు మొహం మీద అన్నాను.

"అట్లయితే తాళంచెవి నువ్వే కట్టుకోవయ్యా," అన్నాడాయన. "దెయ్యం లేదంటివి గదా, నీకేం భయం? ఆయప్ప పోయి ఆస్పత్రిలో చూపించుకోనీ."

కట్టుకున్నాను. చెయ్యి సంగతి బయటపడినా క్యాషియరుకు ఉద్యోగం పోలేదు, సెలవు దొరికింది. మిషను ఆస్పత్రి డాక్టరు నరాలు పరీక్షించి జబ్బేమీ లేదన్నాడట, విశ్రాంతి తీసుకోమన్నాడట. పుంగనూరులో కంటినిండా నిద్రపోతున్నాడనీ, చెయ్యి ఊరుకుందనీ కబురొచ్చింది. నా వాదం గెలిచింది.

ఆ ఊపులో ఆదివారం ఊళ్లో ఒక సభలో దెయ్యాలు లేవని మాట్లాడుతున్నాను. మాట్లాడుతుండగా ముందు వరసలోని వాళ్లు నా మొహం చూడటం మానేశారు. అందరి కళ్లూ కిందికి దిగాయి. నేనూ కిందికి చూశాను. నా కుడిచెయ్యి తిరుగుతోంది. ఆగమన్నాను. ఆగలేదు.

సెలవు ముగిసి క్యాషియరు వచ్చాడు. బుగ్గలు నిండాయి, కళ్లలో ఎరుపు పోయింది. ఏజెంటు నా దగ్గర తాళంచెవి తీసుకుని అతని ముందుకు చాచాడు.

"పీడ వదిలింది గదప్పా, పట్టుకో."

నేను అడ్డం వెళ్లాను. "నా చెయ్యి చూడండి సార్. మంచంలో హాయిగా నిద్రపోయినోడికి వదిలింది, మొలకు కట్టుకున్నోడికి పట్టింది. నెలకొకరం మార్చుకుందాం."

"సెలవు గనక సర్దుకున్నాం గానీ, నెలనెలా మార్చేదానికి హెడ్డాఫీసు ఒప్పుకోదు. క్యాషియరు దగ్గరే ఉండాల. వద్దనేవాడు రాజీనామా రాసిచ్చి పోవచ్చు."

బయట జనం కిటికీ కమ్మీలు కొడుతున్నారు. తిరుగుతున్న నా చేతిని క్యాషియరు చూశాడు. తన కుడిచెయ్యి వెనక్కి దాచుకుని ఎడమచెయ్యి చాచాడు.

"థూ, ఎడమ చెయ్యి యాలప్పా?" అని కసిరాడు ఏజెంటు.

"ఇదింకా నాదే సార్," అన్నాడు క్యాషియరు.