పలకల పందెం

వీధిలో అందరూ అతన్ని పలకలాయన అంటారు. భోజనాల బల్ల మీద రెండు టాబ్లెట్లు, అంటే అతని మాటల్లో పలకలు, పక్కపక్కనే నిలబెట్టి, రెండింట్లోనూ ఒకే వీడియో ఆడించి, దేని బ్యాటరీ ముందు అయిపోతుందోనని కాపు కాస్తాడు. తెరల మీది ప్లాస్టిక్ పొర ఇంకా ఒలవలేదు. తనకు నచ్చిన పలకలో ఒకేసారి రెండు యాప్‌లు సరిగ్గా నడవవని టాబ్లెట్ అభిమానుల వాట్సాప్ గ్రూపులో ఎవరైనా అన్నారా, చెవులు ఎర్రబడి, జవాబు టైపు చేసే బొటనవేళ్లు నిప్పులు కక్కుతాయి.

ఆ రోజు కూతురు పరుగున వచ్చింది. "నాన్నా, ఆన్‌లైన్ పరీక్ష మధ్యలో నా ఫోన్ ఆగిపోయింది. ఒకటివ్వు!" "ముట్టుకున్నావంటే ఊరుకోను! పొద్దున్నుంచి నడుస్తున్న పోటీ పాడైపోతుంది," అని గయ్యిమన్నాడు. వంటింట్లోంచి వచ్చిన భార్య తడిచేతులతోనే అతని ముద్దుల పలకను లాగి కూతురి చేతిలో పెట్టింది. "ఇదే గెలిచిందని రాసుకోండి మీ గ్రూపులో. కొన్నాక ఇవాళే ఇంట్లో ఒకరికి పనికొచ్చింది."