ముందు వరాహస్వామి అనే మా మేడం

మా పాథాలజీ మేడం ఇక లేరు. మంగళవారం పొద్దున తిరుపతిలో తమ ఇంట్లో, కాఫీ తాగుతూ తాగుతూనే వెళ్ళిపోయారట. కబురు చెప్పిన ల్యాబ్ టెక్నీషియన్ ఆ ఒక్క ముక్కా చెప్పి ఫోను పెట్టేశాడు. నేను చిత్తూరులో మైక్రోస్కోప్ ముందు కూర్చుని ఉన్నాను. ఏడుపు వచ్చింది, నిజమే. కానీ ఆవిడను తలచుకుంటే ఏడుపు ఎక్కువసేపు నిలవదు. ఎవర్నీ కుదురుగా ఏడవనిచ్చే మనిషి కాదు మా మేడం!

వాళ్ళది పలమనేరు దగ్గర రైతు కుటుంబం. ఎంత పెద్ద సభలో మాట్లాడుతున్నా సరే, ఉత్సాహం వచ్చిందంటే సొంతూరి యాస తన్నుకొచ్చేది. స్లైడు గాజు మీది కండ ముక్కకు మంచి రంగు పట్టిందా, కుర్చీ వెనక్కి తోసి లేచి, "రాండబ్బా, సూడండి, సూడండి!" అని వరండా అదిరేలా కేకేసేవారు. ఆవిడ దగ్గర పని నేర్చుకుంటున్న మేం టిఫిన్ డబ్బాలు మూసేసి పరిగెత్తాలి. పూరీలు చల్లారితే అది మా ఖర్మ.

ఆవిడకు ప్రాణమైన యాంటీబాడీ ఒకటుండేది. మన రోగనిరోధక కణాలు కొన్ని ఇంకా ఎదుగుతున్న దశలో ఉన్నప్పుడు వాటిలో టీడీటీ అనే ఎంజైమ్ ఉంటుంది. ఎదిగాక పోతుంది. ఆ ఎంజైమ్‌ను వెతికి పట్టుకునేదే ఈ యాంటీబాడీ. దొరికినచోట కణం నడిమధ్యన గోధుమరంగు తేలుతుంది.

"బడి సంచి తగిలించుకోనుండాడంటే వాడింకా సదువుకునే పిల్లోడే. బడిలో ఉంటే సరే. సంచులేసుకోని అందరూ బజార్లో గుంపు కట్టినారంటే మాత్రం ఏందో జరిగిందని అర్థం," అనేవారు. ఆ గుంపే ఒక రకం క్యాన్సర్.

పరీక్ష సరిగ్గా జరిగిందో లేదో తెలియాలంటే, రోగి స్లైడుతో పాటు, గుండెకు పైన ఉండే థైమస్ గ్రంథి ముక్క ఉన్న స్లైడుకు కూడా అదే పరీక్ష చేయాలి. ఆ కణాల బడి థైమస్సే కాబట్టి అక్కడ రంగు రాక తప్పదు. దాన్నే కంట్రోల్ అంటాం. పసిపిల్లల గుండె ఆపరేషన్లలో అడ్డొచ్చిందని తీసేసిన ముక్కల్ని మేడం సర్జన్లను బతిమాలి తెచ్చుకునేవారు. ముందు కంట్రోల్ చూడాలి, తర్వాతే రోగి స్లైడు. "కొండమీద ముందు వరాహస్వామి, ఆమీదటే పెద్దాయన. ఈడా అంతే!" ఇవాళ నేను ధైర్యంగా రిపోర్టు మీద సంతకం పెడుతున్నానంటే ఆ మాట చలవే.

ఆ నియమం తప్పింది ఒక్కసారే. తప్పింది కూడా ఆవిడే!

నగరిలో మరమగ్గాల పని చేసే ఒకాయన కూతుర్ని తీసుకొచ్చాడు. చిన్నపిల్ల. మెడలో గడ్డ రోజురోజుకీ పెరిగి ఊపిరికి అడ్డుపడుతోంది. ముక్క తీసి చూస్తే అన్నీ చిన్న చిన్న గుండ్రటి కణాలు. చాలా రకాల క్యాన్సర్లు అలాగే కనబడతాయి, ఒక్కోదానికి ఒక్కో మందు. పేరు తప్పు చెబితే మందూ తప్పుతుంది. వార్డు డాక్టర్లు మా మాట కోసమే కాచుకుని ఉన్నారు. స్లైడ్లు రాగానే మేడం ఆత్రంగా పిల్ల స్లైడే పెట్టి చూశారు. రంగు లేదు.

"టీడీటీ లేదబ్బా, ఇది వేరే," అంటూ వార్డుకు చెప్పడానికి మెట్లు దిగారు. సగంలో ఆగి నెత్తిన ఠపీమని కొట్టుకున్నారు. "అయ్యో, వరాహస్వామిని సూడకుండానే వచ్చేసినానే!"

పరుగున వెనక్కొచ్చి చూస్తే థైమస్ కూడా వెలవెలబోతోంది. అంటే అసలు పరీక్షే జరగలేదు. స్లైడ్లను ముందుగా వంటింటి ప్రెషర్ కుక్కర్లో ఉడికిస్తేనే ఆ ఎంజైమ్ యాంటీబాడీకి దొరుకుతుంది. మా కుక్కర్ రబ్బరు సాగిపోయి ఆవిరంతా పక్కలనుంచి పోయింది. ఇంకొకరైతే మొహం చాటేసేవారు. మేడం మొహం వెలిగిపోయింది! "ఇంకా ఏమీ తేలలేదబ్బా, మళ్ళీ సూడొచ్చు. కదలండి!" అని స్కూటర్ మీద ఇంటికెళ్ళి సొంత కుక్కర్ పట్టుకొచ్చారు. దానికింకా పప్పు వాసన. శుభ్రంగా తోమి, స్లైడ్లు పెట్టి, మూత బిగించాం. అది విజిల్ వేయగానే పెద్దా చిన్నా లేకుండా అందరం చప్పట్లు కొట్టాం.

సాయంత్రం స్లైడ్లు వచ్చాయి. ముందు థైమస్. నిండా గోధుమరంగు! తర్వాత పిల్ల స్లైడు. ఎక్కడ చూసినా అదే రంగు, కణం పక్కన కణం! మేడం వేసిన కేకకు పక్క డిపార్ట్‌మెంట్ వాళ్ళు కూడా ఉరికొచ్చారు. వెంటనే వార్డుకు ఫోన్ చేశారు, సరైన మందు మొదలైంది. ఆ పిల్ల కోలుకుంది. ఇప్పుడు కాలేజీకి పోతోంది.

ఫోన్ పెట్టేశాక మేడం కిందికెళ్ళి, ఆ తండ్రిని చెయ్యి పట్టుకుని మా గదికి తీసుకొచ్చారు. ఆయన గుమ్మం దగ్గరే చెప్పులు విడిచాడు.

"జబ్బు పేరు తెలిసిందప్పా. సెడ్డ జబ్బే, నీకు అబద్ధం చెప్పను. కానీ దీనికి మందుండాది. రా, నువ్వే సూడు."

ఆయన స్టూలు మీద కూర్చుని మైక్రోస్కోపులోకి వంగాడు.

"ఇదేనామ్మా నా బిడ్డను పట్టుకున్నెది?"

"ఇదేనప్పా. కనబడిపోయింది కదా, ఇంక యాడికి పోతాది!"

ఆయన తల ఎత్తలేదు. మేడం ఒక చెయ్యి ఆయన భుజం మీద వేసి, రెండో చేత్తో స్లైడును మెల్లమెల్లగా జరుపుతూ పక్కనే నిలబడ్డారు.