జెర్వాలా మెడ ఎత్తాలంటే

మెర్జూగా ఎడారి ఇసుక గుట్టల మీద, వాలే పొద్దుకు అడ్డంగా ఒంటెను నిలబెట్టడంలో మీమూన్‌ను మించినవాడు లేడు. ఈ మాట అతనే చెప్పుకునేవాడు గానీ అబద్ధం కాదు. యాభై దాటినా ఒక్క ఫొటో తీసిన పాపాన పోలేదు. అయినా కాసాబ్లాంకా నుంచి శిష్యుల్ని వెంటేసుకొచ్చే ఫొటో మాస్టారు స్లావీ అతని మాట వినేవాడు.

"ఇసుకలో బోర్లా పడుకోండయ్యా! నిలబడి తీస్తే కాళ్లు గుట్టలో కలిసిపోతాయ్," అని కేకలేసేవాడు మీమూన్. "నాలుగు కాళ్ల మధ్యా వెలుగు కనబడాలి. లేదంటే అది ఒంటె కాదు, బొగ్గు బస్తా."

నల్లటి నీడబొమ్మలో పుండు కనబడదు, తేలిన ఎముకలు కనబడవు. కనబడేదల్లా అంచు. ఆ అంచు కోసం మీమూన్ ఎంతకైనా తెగిస్తాడు.

అన్నిటికన్నా కష్టం మెడ. ఒంటె తల దించిందంటే బొమ్మలో పస ఉండదు. జెర్వాలా అనే ఆడ ఒంటె ఈనిన ఏడు అతనికి కిటుకు దొరికింది. పిల్ల తల్లిని అంటుకుని ఉంటే రెండూ కలిసి ముద్దలా వస్తున్నాయని స్లావీ విసుక్కున్నాడు. మీమూన్ పిల్లను ఈడ్చుకెళ్లి అవతలి గుట్ట వెనక కట్టేశాడు. పిల్ల అరిచింది. తల్లి మెడ నిటారుగా లేపి, నోరు తెరిచి బదులిచ్చింది. కెమెరాలు టకటకమన్నాయి.

అప్పటినుంచి అదే పద్ధతి. కడుపు నిండిన పిల్ల అరవదు కదా, అందుకని మధ్యాహ్నం పాలు మాన్పించాడు. తర్వాత పొద్దుటి పాలు కూడా.

ఆ పిల్లను ఈనేటప్పుడు బయటికి లాగింది అతని భార్య ఇత్తో. ఆమె ఊరుకోలేదు.

"దాని డొక్కలు చూశావా? ఇలాగైతే చచ్చిపోద్ది."

"ఫొటోలో డొక్కలు కనబడవులేవే."

"నాకు కనబడుతున్నాయ్! తల్లి దగ్గర వదిలెయ్ దాన్ని."

"ఈ ఫొటోలవాళ్ల గుంపు వెళ్లనీ, వదిలేస్తా."

గుంపు వెళ్లలేదు. కట్టేయడం మొదలెట్టిన తొమ్మిదో రోజు పిల్ల గుట్ట వెనకే చచ్చిపడి ఉంది. సిగ్గులేని మనిషి, ముందు ఆకాశం వంక చూశాడు, మబ్బు పట్టిందేమోనని.

పిల్ల పోతే తోలు వలిచి, గడ్డి కుక్కి తల్లి ముందు పెట్టడం అక్కడి అలవాటే. ఆ వాసనకు తల్లి పాలు చేపుతుంది. మీమూన్ తోలు వలిచాడు. ఇత్తో గడ్డి కుక్కి, ఏడుస్తూ కుట్టింది. రాయిలా గట్టిపడ్డ పొదుగు నొప్పయినా తగ్గుతుందని ఆమె ఆశ.

మర్నాటి సాయంత్రం మీమూన్ ఆ గడ్డి పిల్లను గుట్ట అంచున కర్రల మీద నిలబెట్టాడు. తల్లికీ దానికీ మధ్య రెండు బారల వెలుగు.

"ఎంత బుద్ధిగా నిలబడింది బాబాయ్! ఎలా నేర్పావ్?" అన్నాడు, పిల్ల పోయిందని తెలియని స్లావీ, కింద కెమెరా దగ్గర్నుంచి.

"అదంతా మన చేతి మహిమ మాస్టారూ."

జెర్వాలా తాడు విదిలించుకుని వెళ్లింది. వాసన చూసింది, నాకింది. నిన్నటినుంచి ఆగని అరుపు ఆగింది. గడ్డి పిల్ల వీపు మీద గడ్డం ఆనించి కళ్లు మూసుకుంది. పాలు వాటంతటవే ఇసుకలోకి కారాయి. ఇత్తో చేతిలో గిన్నె ఉంది, పట్టబుద్ధి కాలేదు.

"అయ్యో, తల దించేసింది. రెండూ కలిసిపోయాయి," అన్నాడు స్లావీ. "మెడ లేపించు బాబాయ్, పొద్దు వాలిపోతోంది."

మీమూన్ గుట్టెక్కాడు. ఇత్తో అడ్డం నిలబడింది.

"నీ కాళ్లు పట్టుకుంటా. ఇవాళొక్కరోజు దాన్నలా ఉండనీ."

"తప్పుకోవే, ఫొటోలోకి వస్తున్నావ్."

ఆమెను నెట్టేసి, గడ్డి పిల్లను చంకన పెట్టుకుని అవతలికి దిగిపోయాడు. జెర్వాలా మెడ లేపింది. అంత ఎత్తున ఎప్పుడూ లేపలేదు. "అలాగే ఉంచు, అలాగే!" అని స్లావీ సంబరంగా అరుస్తున్నాడు.

పొద్దు పూర్తిగా వాలేదాకా మీమూన్ ఆ గడ్డి పిల్లను తిరిగి తేలేదు.